గుమ్మం దగ్గర మొదలయ్యే లెక్క
(కల్యంపూడి రాధాకృష్ణారావు గారి స్మృతిలో విశాఖపట్నంలో చేసిన ప్రసంగం)



సి.ఆర్. రావు గారి స్మృతిలో మాట్లాడమని పిలుపు వచ్చినప్పుడు సంతోషం కంటే ముందు బెరుకు కలిగింది. 1920లో హడగలిలో ఒక తెలుగు ఇంట్లో పుట్టారు. తండ్రి పోలీసు ఇన్‌స్పెక్టరు. ఆయనకు బదిలీ అయినప్పుడల్లా బడి మారుతూ గూడూరు, నూజివీడు, నందిగామల్లో చదివి, చివరికి ఈ విశాఖ చేరి, ఇక్కడి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితంలో ఎం.ఏ. పూర్తి చేశారు. ఉద్యోగం కోసమని కలకత్తా వెళ్ళి మహలనోబిస్ గారి గణాంక సంస్థలో చేరారు. 1945లో, పాతికేళ్ళ వయసులో అచ్చయిన ఒకే వ్యాసం ఆయన పేరును ప్రపంచంలోని ప్రతి స్టాటిస్టిక్స్ పాఠ్యపుస్తకంలోకీ ఎక్కించింది. 2023 ఆగస్టులో, 102 ఏళ్ళ వయసులో వెళ్ళిపోయారు. తెల్లవారుజామున నాలుగింటికి లేపి, నూనె దీపం వెలిగించి తనను చదువుకు కూర్చోబెట్టిన తల్లి లక్ష్మీకాంతమ్మ గారిని ఆయన ‘స్టాటిస్టిక్స్ అండ్ ట్రూత్’ పుస్తకంలో తలుచుకున్నారు. ఆ పుస్తకం కూడా రామానుజన్ పేరు మీద చేసిన స్మారకోపన్యాసాల నుంచే వచ్చింది.

నేను చాలాకాలం అమెరికాలో ఒక కౌంటీ కోర్టు దగ్గర డేటా చూసే పని చేశాను. అక్కడ డ్రగ్ కోర్టు అని ఒకటి నడుస్తుంది. అది పని చేస్తోందా లేదా అని తేల్చడం నా ఉద్యోగం. రావుగారి సభలో ఈ కోర్టుల ప్రస్తావన దేనికని మీకు అనిపించవచ్చు. కానీ ఆయన మళ్ళీ మళ్ళీ అడిగిన ఒక ప్రశ్న ఉంది. ఈ లెక్కలోకి ఎవరు వచ్చారు, ఏ దారిన వచ్చారు? ఆ ప్రశ్న అడగకపోతే డ్రగ్ కోర్టు గురించి మనం చెప్పే ఏ శాతానికీ అర్థం ఉండదు. ఈ సాయంత్రం నేను చెప్పదలచుకున్నది ఇదొక్కటే.

1

ముందు ఆ కోర్టు సంగతి. 1980లలో ఫ్లోరిడాలోని మయామీలో కొకైన్ కేసులతో జైళ్ళు నిండిపోయాయి. విడుదలైన మనిషి కొన్ని నెలలకే అదే కేసులో తిరిగి వస్తున్నాడు. 1989లో అక్కడి న్యాయమూర్తులు, మయామీ ఉన్న కౌంటీకి ప్రధాన ప్రాసిక్యూటర్‌గా ఉన్న జానెట్ రీనో కలిసి ఒక ప్రయోగం మొదలుపెట్టారు. మాదకద్రవ్యాలకు బానిసైన నిందితుణ్ణి శిక్ష వేసి జైలుకు పంపరు. చికిత్సకు పంపుతారు, జడ్జి గారే వారం వారం పిలిచి విచారిస్తారు. మొదటి జడ్జి స్టాన్లీ గోల్డ్‌స్టీన్. 1994లో ఫెడరల్ చట్టం డబ్బు కేటాయించింది. 1997లో ఆ కోర్టులు ఎలా ఉండాలో పది సూత్రాలు అచ్చయ్యాయి. ఇప్పుడు అమెరికా అంతటా అలాంటివి 3,000 పైగా ఉన్నాయి.

లోపల ఎలా ఉంటుందో చెబుతాను. అక్కడ జ్యూరీ పని లేదు కాబట్టి జ్యూరీ కూర్చునే చోట, వారం మధ్యలో తప్పు చేసి జైలుకెళ్ళినవాళ్ళు నారింజరంగు బట్టల్లో, చేతులకు సంకెళ్ళతో కూర్చుంటారు. మిగతావాళ్ళు ఎదురు బెంచీల మీద ఉంటారు. కొందరి ఒళ్ళో పసిపిల్లలు. అందరూ పొద్దునే మనిషి చూస్తుండగా కప్పులో మూత్రం ఇచ్చి వచ్చినవాళ్ళే. జడ్జి గారు పేరు పెట్టి పిలుస్తారు. మామూలు కోర్టులో లాగా లాయరు లేచి మాట్లాడడు, ఆ మనిషే జడ్జి బల్ల ముందుకు వస్తాడు. ‘ఎన్ని రోజులైంది?’ ‘నలభై మూడండీ.’ హాలంతా చప్పట్లు కొడుతుంది. ప్రాసిక్యూటర్ కూడా కొడతాడు. ఏడాదికి పైగా ఇలా సాగి, చివరి మెట్టు దాటినవాళ్ళకు గ్రాడ్యుయేషన్ చేస్తారు. కేసు కొట్టేస్తారు, లేదా శిక్ష తగ్గిస్తారు. కన్నతల్లి కూతుర్ని కౌగిలించుకుని ఏడ్చిన గ్రాడ్యుయేషన్లు నేను చూశాను. నా కళ్ళూ తడిసిన రోజులున్నాయి.

2

ఆ చప్పట్లలోంచే తప్పుడు లెక్క పుడుతుంది.

కాకిపిల్ల కాకికి ముద్దు. ఏ కోర్టుకైనా తన గ్రాడ్యుయేట్లు ముద్దు. ఏడాది చివర నివేదిక రాసేటప్పుడు ‘మా దగ్గర పూర్తి చేసినవాళ్ళలో తిరిగి అరెస్టయినవాళ్ళు చాలా తక్కువ’ అని రాస్తారు. ఆ మాట నిజమే. కానీ దాన్నుంచి తీసే అర్థం తప్పు. ఎందుకో పెన్సిలు, కాగితం ఉన్నవాళ్ళు నాతో కలిసి వేసి చూడండి. ఇవి నేను ఊహించి చెబుతున్న అంకెలు.

ఒక కోర్టులో 100 మంది చేరారనుకుందాం. 50 మంది పూర్తి చేశారు, 50 మంది మధ్యలో పోయారు. పూర్తి చేసినవాళ్ళలో 10 మంది, పోయినవాళ్ళలో 35 మంది మళ్ళీ అరెస్టయ్యారు. కోర్టువారి నివేదికలో ఏముంటుంది? గ్రాడ్యుయేట్లలో 20 శాతం, మిగతావాళ్ళలో 70 శాతం. చూడగానే ఎంత తేడా! ఇప్పుడు అదే 100 మందిని ఏ డ్రగ్ కోర్టుకూ పంపకుండా వదిలేసి ఉంటే వాళ్ళలో 45 మంది అరెస్టయ్యేవారనుకోండి. కోర్టుకు పంపితే ఎంతమంది అయ్యారు? పదీ ముప్ఫై అయిదూ కలిపితే అదే 45. అంటే కోర్టు ఒక్కడి దారినీ మార్చలేదు. ఎవరు నిలబడతారో ఎవరు పడిపోతారో ఏడాది పాటు జల్లెడ పట్టి చూపించింది, అంతే.

అందుకే మొదటి నియమం: లోపలికి అడుగుపెట్టిన ప్రతి మనిషీ చివరిదాకా లెక్కలో ఉండాలి. మధ్యలో పారిపోయినవాడూ ఉండాలి, తిరిగి జైలుకెళ్ళినవాడూ ఉండాలి.

నేను చేరిన మొదటి వారంలో నా చేతికి ఒక స్ప్రెడ్‌షీట్ ఇచ్చారు. ఒక్కో మనిషికి ఒక్కో వరస. చివర్లో ‘ఎలా బయటికి వెళ్ళారు’ అనే గడి. అందులో పూర్తి చేశారు, తొలగించారు, వేరే చోటికి బదిలీ అని మూడు కోడ్‌లు. బదిలీ అన్న కోడ్ ఉన్నవాళ్ళను శాతం తీసేటప్పుడు పక్కన పెట్టేస్తున్నారు. ఒక్కొక్కరి ఫైలూ తీసి చూస్తే, ఆ బదిలీల్లో చాలామంది నిజానికి పరీక్షలో పట్టుబడి మామూలు కోర్టుకు వెనక్కి వెళ్ళినవాళ్ళే. ఎవరూ మోసం చేయాలని చేసింది కాదది. క్లర్కు మీద పని భారం ఉంది, ఏ కోడ్ వేయాలో రాసిపెట్టిన కాగితం లేదు. వాళ్ళను తిరిగి లెక్కలో కలిపితే మా కోర్టు చెప్పుకుంటున్న శాతం కిందికి జారింది. జడ్జి గారు ఆ కాగితం రెండుసార్లు చదివి, గోడ మీది పాత అంకె తీయించి కొత్తది పెట్టించారు. ఆమె మీద నా గౌరవం ఆ రోజు రెట్టింపయింది.

ఆ షీట్‌లో ఒక వరసలో మాత్రం ఆ గడి ఖాళీగా ఉంది. దాని సంగతి చివర చెబుతాను.

3

ఇప్పుడు రావుగారి దగ్గరికి వద్దాం. లోపలికి వచ్చినవాళ్ళందరినీ లెక్కపెట్టాం, బాగుంది. కానీ లోపలికి రానివాళ్ళ మాటేమిటి?

ఆయన ఉపన్యాసాలకు వెళ్ళిన చోటల్లా విద్యార్థుల్ని ఒక ప్రశ్న అడిగేవారు. ఆ పట్టిక ఆయన వ్యాసాల్లో ఉంది, అందులో మన వాల్తేరు కూడా ఉంది. ఇక్కడా అడుగుదాం. ఈ హాల్లోని మగవాళ్ళు, మీతో కలిపి మీ అమ్మానాన్నలకు మగపిల్లలెందరో, ఆడపిల్లలెందరో ఒక చీటీ మీద రాయండి. చీటీలన్నీ కలిపి కూడితే మగపిల్లలు సగం కంటే బాగా ఎక్కువ తేలతారు. మన ఇళ్ళలో ఆడపిల్లలు తక్కువయ్యారా? కాదు. అందరూ ఆడపిల్లలే ఉన్న ఇంటి తరఫున చీటీ రాయడానికి ఇక్కడ ఎవరూ లేరు. రాసిన ప్రతి చీటీలోనూ ఒక మగపిల్లవాడు ముందే కూర్చుని ఉన్నాడు. జవాబు రాసిన మనిషిని తన చీటీలోంచి తీసేస్తే లెక్క మళ్ళీ సగం సగానికి దగ్గర పడుతుంది. పదిమంది సంతానంలో ఎనిమిదో వాడిగా పుట్టిన మనిషి ఈ ప్రశ్న వేశారంటే నాకు ముచ్చటగా ఉంటుంది.

ఆయన దీన్ని సరదాకి చెప్పలేదు. కెనడాలోని అంటారియోలో మద్యం మానిపించే క్లినిక్‌లకు వచ్చిన రోగుల కుటుంబాల సమాచారాన్ని ఆయన తిరగేసి చూశారు. ఎక్కువమంది పిల్లలున్న ఇళ్ళ నుంచే తాగుడుకు బానిసలైనవాళ్ళు ఎక్కువ వస్తున్నారన్నట్టు ఆ అంకెలు కనిపించాయి. రావుగారు లేవనెత్తిన విషయం ఇది: మనుషుల్ని పట్టుకుని వాళ్ళ కుటుంబాలను లెక్కపెడితే, పదిమంది పిల్లలున్న ఇల్లు పది దారుల్లో లెక్కలోకి రావచ్చు, ఒక్క బిడ్డ ఉన్న ఇల్లు ఒక్క దారిలోనే రావచ్చు. ఆ బరువు తీసేయకుండా కుటుంబాల గురించి ఏ మాటా అనకూడదు. చికిత్సకు వచ్చినవాళ్ళను చూసి రోగం గురించి తీర్పు చెప్పడంలో ఉన్న ప్రమాదం ఆయనకు అంత స్పష్టంగా తెలుసు.

డ్రగ్ కోర్టు గుమ్మం చాలా ఇరుకు. హింస కేసులున్నవాళ్ళను చేర్చుకుంటే ఫెడరల్ గ్రాంటు రాదు. తర్వాత ప్రాసిక్యూటర్ ఒప్పుకోవాలి. ఆ తర్వాత నిందితుడు స్వయంగా ఒప్పుకోవాలి. మూడు నెలల జైలు ముగించుకుని పోవడమే నయం అనుకునేవాడు ఏడాదిన్నర పర్యవేక్షణకు ఎందుకు వస్తాడు? ఇన్ని జల్లెళ్ళు దాటి వచ్చినవాడిలో మారాలన్న పట్టుదల ముందే ఉండవచ్చు. అలాంటివాళ్ళను, రామని చెప్పి వెళ్ళిపోయినవాళ్ళతో పోల్చి ‘చూశారా, మావాళ్ళు ఎంత మారారో’ అంటే, ఆ తేడా కోర్టు తెచ్చిందా, గుమ్మం తెచ్చిందా?

గుమ్మం ఇంకో విధంగానూ మోసం చేస్తుంది. డెన్వర్‌లో డ్రగ్ కోర్టు పెట్టిన రెండేళ్ళలో నమోదైన డ్రగ్ కేసులు దాదాపు మూడింతలయ్యాయని ఆ ఊరి జడ్జి మారిస్ హాఫ్‌మన్ 2000లో రాశారు. ఇదివరకు పోలీసులు చూసీ చూడనట్టు వదిలేసే చిన్న కేసుల్ని, చికిత్స దొరుకుతుందన్న మంచి ఉద్దేశంతోనే కోర్టుకు తేవడం మొదలుపెట్టారు. చిన్న తప్పు చేసినవాళ్ళు ఎక్కువ చేరితే కోర్టు ఫలితాలు మెరుగ్గా కనిపిస్తాయి. అవతల, వాళ్ళలో కొందరు మధ్యలో విఫలమై, మామూలుగా పడని శిక్షకు జైలుకు వెళతారు. ఈ మాట అంటే అక్కడి మిత్రులకు కోపం వచ్చేది. కానీ లెక్క అడిగితే చెప్పాలి కదా.

4

మరి దారేమిటి? చీట్లు వేయడం. వినడానికి అన్యాయంగా ఉంటుంది. అర్హులైనవాళ్ళ పేర్లు తీసుకుని, ఎవరు డ్రగ్ కోర్టుకో ఎవరు మామూలు కోర్టుకో చీటీ తేలుస్తుంది. ఎవరి పట్టుదల ఎంత, ఎవరి ప్రాసిక్యూటర్ మంచివాడు అన్న తేడాలన్నీ రెండు గుంపుల్లోకీ సమానంగా పంచుకుపోతాయి. సీట్లు తక్కువ, అడిగేవాళ్ళు ఎక్కువ అయినప్పుడు చీటీ కంటే న్యాయమైన పద్ధతి నాకైతే కనిపించదు.

బాల్టిమోర్ నగరంలో పరిశోధకురాలు డెనీస్ గాట్‌ఫ్రెడ్‌సన్, ఆమె సహచరులు ఇదే చేశారు. 1997, 98ల్లో 235 మందిని ఇలా రెండు గుంపులుగా పంచారు. డ్రగ్ కోర్టు వంతు వచ్చినవాళ్ళందరికీ చికిత్స సరిగా అందలేదు కూడా. అయినా వాళ్ళను లెక్కలోంచి తీయలేదు. రెండేళ్ళలో డ్రగ్ కోర్టు గుంపులో 66 శాతం, రెండో గుంపులో 81 శాతం తిరిగి అరెస్టయ్యారు. ఈ రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టి కాసేపు చూడండి. మూడింట రెండు వంతులమంది మళ్ళీ పట్టుబడ్డారు, అయినా కోర్టు పని చేసింది. రెండూ నిజమే. గ్రాడ్యుయేషన్ చప్పట్లలో ఈ రెండో నిజం ఉంటుంది, మొదటిది వినబడదు.

ఎప్పుడు చూస్తామన్నది కూడా తేడా తెస్తుంది. అరిజోనాలోని మారికోపా కౌంటీలో ఇలాగే చీటీల పద్ధతిలో జరిగిన పరిశీలనలో 12 నెలలకు రెండు గుంపుల అరెస్టుల్లో తేడా లేదు. అక్కడితో ఆపి ఉంటే డబ్బు దండగ అని మూసేసేవారు. 36 నెలలకు చూస్తే డ్రగ్ కోర్టు గుంపులో అరెస్టులు తక్కువగా తేలాయి. వరి నాటిన నెలకే గింజ లేదని పొలం దున్నేస్తామా?

చీట్లు వేయడం కుదరని చోట్ల పెద్ద ఎత్తున పోలిక చూసిన అధ్యయనం ఇంకొకటుంది. 23 డ్రగ్ కోర్టులు, అవి లేని 6 చోట్ల పోలిక గుంపు, మొత్తం 1,781 మంది. 2011లో నివేదిక వచ్చింది. ఏడాదిన్నర దగ్గర అడిగితే, గత ఏడాదిలో డ్రగ్స్ వాడామన్నవాళ్ళు డ్రగ్ కోర్టుల్లో 56 శాతం, అవతల 76 శాతం. మనుషులు అబద్ధమాడవచ్చు కాబట్టి లాలాజలం తీసి పరీక్ష చేశారు: 29 శాతం, 46 శాతం. రెండేళ్ళ అరెస్టులు 52 శాతం, 62 శాతం. కానీ ఈ చివరి తేడా కాకతాళీయం కాదని చెప్పేంత గట్టిది కాదని ఆ రచయితలే ఒప్పుకున్నారు. అలా ఒప్పుకున్నందుకే వాళ్ళు చెప్పిన మిగతా మాటల్ని నేను నమ్ముతాను. ఆ మరుసటి ఏడాది ఇంకొందరు 154 పరిశీలనలను ఒకచోట కూర్చి చూసి, పెద్దవాళ్ళ డ్రగ్ కోర్టుల్లో మళ్ళీ నేరం చేసేవాళ్ళు సుమారు 50 శాతం నుంచి 38 శాతానికి తగ్గుతున్నారని తేల్చారు. ఆ 154లో చీటీలు వేసినవి చాలా తక్కువ. మైనర్ల డ్రగ్ కోర్టుల్లో ఆ ప్రయోజనం బాగా చిన్నది.

5

సగటు చెప్పాక, సగటు కింద ఎవరున్నారో చూడాలి. డెలవేర్‌లో డగ్లస్ మార్లో బృందం మనుషుల్ని చీటీలతో పంచి, కొందరిని రెండు వారాలకొకసారి జడ్జి ముందుకు పిలిచారు, మిగతావాళ్ళను అవసరమైనప్పుడు మాత్రమే పిలిచారు. నేర స్వభావం బలంగా ఉన్నవాళ్ళు, ఇదివరకే చికిత్స విఫలమైనవాళ్ళు తరచూ పిలిస్తే బాగుపడ్డారు. కష్టం తక్కువ ఉన్నవాళ్ళకు పిలుపులు పెంచినా ఒరిగిందేమీ లేదు. అంటే ఈ కోర్టు అందరికంటే కష్టమైనవాళ్ళకే ఎక్కువ పనికొస్తుంది. కానీ గుమ్మం దగ్గర అలాంటివాళ్ళనే తోసేస్తున్నారు, గెలిచే గుర్రాల్ని ఎంచుకుంటే శాతం బాగుంటుంది కాబట్టి.

ఆ 23 కోర్టుల అధ్యయనంలో ఇంకో మాట నా మనసులో నాటుకుంది. ఫలితాలు ఎక్కడ బాగున్నాయని వెతికితే, జడ్జి తనతో న్యాయంగా, మర్యాదగా ఉన్నారని మనిషి నమ్మిన చోట బాగున్నాయి. ఆ ‘ఎన్ని రోజులైంది?’ అనే మాటకు అంత బరువుంది. నేనైతే దాన్ని కొలవలేననుకునేవాణ్ణి. వాళ్ళు ప్రశ్నావళితో కొలిచి చూపించారు.

6

మన దగ్గరికి వస్తే క్లుప్తంగా రెండు మాటలు. మనకు అమెరికా తరహా డ్రగ్ కోర్టు లేదు. కానీ 1985 మాదకద్రవ్యాల (ఎన్‌డీపీఎస్) చట్టంలో దాని విత్తనం ఉంది. చిన్న మోతాదుతో లేదా వాడకంతో పట్టుబడి దోషిగా తేలిన బానిసను, అతని సమ్మతితో, శిక్షకు బదులు బాండు మీద గుర్తింపు ఉన్న ఆసుపత్రికి చికిత్సకు పంపే అధికారం 39వ సెక్షన్ కోర్టుకు ఇస్తుంది. తానే ముందుకొచ్చి చికిత్స తీసుకునేవాడికి 64ఏ సెక్షన్ ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఇస్తుంది, మధ్యలో మానేస్తే ఆ రక్షణ పోవచ్చు. ఈ విశాఖకు పక్కనే మన్యం గంజాయి దారులున్నాయి. పట్టుబడే కుర్రాళ్ళలో లోడు మోసేవాడెవడో, బానిసైనవాడెవడో వేరుచేసే పని మేజిస్ట్రేటు కోర్టుల్లోనే మొదలవ్వాలి.

ఇక్కడి లాయర్లకు, మేజిస్ట్రేట్లకు, డీ-అడిక్షన్ సెంటర్ల డాక్టర్లకు నా ప్రార్థన ఒకటే. మొదటి మనిషిని పంపే రోజే ఒక పుస్తకం తెరవండి. అర్హత ఉన్న ప్రతివాడి పేరూ అందులోకి ఎక్కాలి. పంపారా లేదా, వద్దన్నది ఎవరు, ఏ తేదీన చేరాడు, ఏ తేదీన ఎందుకు బయటికొచ్చాడు, ఆ తర్వాత మూడేళ్ళలో పోలీసు రికార్డులో కనిపించాడా, ఆసుపత్రి రికార్డులో కనిపించాడా అన్నీ రాయాలి. కంప్యూటర్ లేకపోయినా పరవాలేదు. బైండు పుస్తకం చాలు. పదేళ్ళ తర్వాత ఎవరో వచ్చి ఫైళ్ళు తవ్వి ఇవన్నీ తేల్చాలంటే తేలదు. నేను తవ్వి చూశాను కాబట్టి చెబుతున్నాను.

7

ఆ ఖాళీ గడి దగ్గరికి వస్తాను.

దానికి ముందు, చీటీలతో పంచిన ఆ బాల్టిమోర్ మనుషుల మాట. వాళ్ళను 15 ఏళ్ళ పాటు వెంటాడి చూశారు. అరెస్టులు, అభియోగాలు, దోష నిర్ధారణలు డ్రగ్ కోర్టు గుంపులో 15 ఏళ్ళ తర్వాతా తక్కువగానే ఉన్నాయి. ఒక ప్రభుత్వ కార్యక్రమం ఫలితం అన్నేళ్ళు నిలవడం అరుదు. అయితే అదే బృందం మరణాల రికార్డులు కూడా తెప్పించి సరిచూసింది. ఆ 15 ఏళ్ళలో ఐదో వంతుకు పైగా మనుషులు చనిపోయారు, ఎక్కువ మరణాలకు కారణం మత్తుపదార్థాలే. మరణాల విషయంలో రెండు గుంపులకూ చెప్పుకోదగ్గ తేడా లేదు. అరెస్టులనే కొలిచినన్నాళ్ళూ ఈ సంగతి ఎవరికీ కనిపించలేదు. హెరాయిన్ బానిసల ప్రాణం నిలిపే మందులు మెథడోన్, బ్యూప్రినార్ఫిన్ ఉన్నాయి. అవి కూడా మత్తేనని చాలా డ్రగ్ కోర్టులు చాలాకాలం వాటిని ఒప్పుకోలేదు. ఆ మందులు వాడుతున్నారని మనుషుల్ని కాదంటే గ్రాంటు ఇవ్వబోమని ఫెడరల్ ప్రభుత్వం 2015లో షరతు పెట్టాల్సి వచ్చింది.

మా షీట్‌లో గడి ఖాళీగా ఉన్న ఆ మనిషి గురించి ప్రొబేషన్ ఆఫీసర్‌ను అడిగాను. ఆమె కాసేపు మాట్లాడలేదు. అతను నాలుగో మెట్టు దాకా వచ్చాడని, వరసగా ఎన్నో పరీక్షల్లో శుభ్రంగా తేలాడని, ఒక శనివారం రాత్రి ఇంట్లో ఓవర్‌డోస్‌తో పోయాడని చెప్పింది. మరి గడి ఎందుకు ఖాళీగా ఉంది? పూర్తి చేయలేదు, తొలగించలేదు, బదిలీ చేయలేదు. ఆ మూడింటిలో ఏది వేయాలో క్లర్కుకు తెలియలేదు. మా దగ్గర చావుకు కోడ్ లేదు.

ఆ సాయంత్రమే నాలుగో కోడ్ చేర్చాను. తర్వాత రెండు వారాల పాటు పాత ఏళ్ళ వరసలన్నీ తీసి, కౌంటీ మరణాల రిజిస్టరుతో ఒక్కొక్క పేరూ పోల్చుకుంటూ కూర్చున్నాను.